చెవిల బావి

గిరాకి కుర్చీ మిషనుకు కుడిదిక్కే ఎందుకుంటదో
పరకాల అంగడి బజారు మొత్తం ఎరుక.
కొలతలిచ్చేటోళ్లు కుడికే వచ్చి నిలబడుతరు.
ఎడమకు గోడ,
గోడకు మొలలు, మొలలకు దారపు రీళ్లు.

పన్నెండేండ్లప్పుడు
ఓదెలు వాళ్ల బావిల
నడి ఎండాకాలం గూడ రెండు నిలువుల నీళ్లు.
మొదటి వారం వీపుకు ఎండిన సొరకాయ బుర్ర,
రెండో వారం బుర్ర గట్టు మీద,
మూడో వారం మోటరు రూము కప్పు మీదికెల్లి
ముక్కు మూసుకొని దుంకుడు.
పావలా బిళ్ల ఏస్తే
అడుగు బురదతో సహా తెచ్చినోడే మొగోడు.

అంత లోతుకు పోతే
ఎవరో రెండు బొటనవేళ్లు చెవులల్ల పెట్టి ఒత్తినట్టయ్యేది.
పైకొచ్చి, ఎండకు కాగిన రాయి చెవికి ఆనించి
ఒంటికాలి మీద గెంతితే
గోరువెచ్చగ కారిపోయేది బావి.

ఒకనాడు కారలే.

అవ్వ నువ్వుల నూనెల ఎల్లిపాయ కాచి పోసింది.
పక్కింటి రాజవ్వ పిన్నీసుతోటి దేవింది.
సైకిల్ మీద తిరిగే గులిమాయన
ఇత్తడి పుల్లకు ఏదో అంటించి చూపిచ్చి
రూపాయి తీసుకపోయిండు.
అందరు పానం పెట్టి చేసిండ్రు.
నేను గూడ తక్కువోన్ని గాదు,
చీము కారుకుంటనే తెల్లారి మళ్ల దుంకిన.

ఎంజీఎంల డాక్టరమ్మ
నొసట అద్దం కట్టుకొని తొంగిచూసి
బాపుతోని అన్నది:
“పర్దా చినిగింది. ఇన్నాళ్లేం చేసిండ్రు?”
పర్దా అంటే నాకు కిటికీదే ఎరుక.
కుట్టరాదా అమ్మా, అన్న.
ఆమె బాపుకు ఏదో చెప్పింది.
నాకు ఇనబడలే,
ఆమె ఎడమదిక్కు నిలబడ్డది.

అటెన్క ఎన్ని పర్దాలు కుట్టిన్నో లెక్క లేదు.

ఈ ఎండాకాలం బిడ్డ బిడ్డ మనస్విత
హన్మకొండకెల్లి నీలం కళ్లద్దాలు తెచ్చుకున్నది.
ఈత నేర్పు తాతా, అన్నది.
వద్దనలే.
వద్దంటే పిల్లలకు బావి మాటనే ఇనబడుతది.

పొద్దుగాల ఆరింటికే పోయినం,
ఎండ ఒరం దిగకముందే.
నీళ్ల మీద పాచి తేలిన నాడు
చూసి, మళ్లి ఇంటికే.
ముక్కు కారిన నాడు మెట్ల మీద కూసొని కాళ్లాడిచ్చుడే.
దుంకుడు లేదు.
నడుముకు తాడు, తాడు కొస నా చేతుల.
గట్టు మీద సర్వెడు అంబలి,
దూప కాకముందే తాగాలె, అది షరతు.

పైకొచ్చినంక తల ఇటు వంచు, అటు వంచు.
పాత లుంగీ ముక్కకు అంచు కుట్టి పెట్టిన,
చెవి బయటనే ఒత్తుకోవాలె.
లోపటికి పోదామని చూసేది
పుల్లయినా గుడ్డయినా దొంగనే.

పన్నెండో నాడు, చెవి గులగుల అన్నది.
ఫోన్ల బిడ్డ, “రెండు చుక్కలు కొబ్బరినూనె పొయ్యి నాయినా” అన్నది.
ముందట ఏడు పెండ్లి జాకిట్లు,
ఒక్కదానికీ చేతులు పడలే.
షెట్టర్ గుంజి వరంగల్ బస్సెక్కిన.
“దురదకే బస్సెక్కుతరా” అని పెండ్లోళ్లు మొత్తుకున్నరు.
డాక్టరు పొరగాడు లైటేసి చూసి
పర్దా మంచిగున్నదన్నడు.
మందు రాసిచ్చిండు, పది రోజులు బావి బందన్నడు.
ఆ “మంచిగున్నది” అన్న మాట
మళ్లొకసారి అనిపిచ్చుకున్న.

ఆ పది రోజులు మనస్విత దుకాన్లనే.
ఎవ్వరు నిలబడని ఎడమదిక్కు
గోడకు పీట ఏసుకొని కూసున్నది.
బొత్తాలు రంగురంగులు ఏరుకుంట, ఏరుకుంట
లేచి నా చెవి కాడికొచ్చి
చేతులు అడ్డం పెట్టి ఏదో చెప్తది.
“ఈ చెవుల చెప్తే ఎవ్వలకు తెల్వదు గదా తాతా”
అని కుడికొచ్చి నవ్వుతది.

ఏం చెప్పిందో అడుగను.
ఊపిరి మాత్రం గోరువెచ్చగ తగుల్తది.
అంతసేపు
మిషను ఆపుత.